అమెరికాలో మన వంటకి ఏ బ్లెండర్: విటమిక్సా, బ్లెండ్‌టెక్కా, నింజానా, 110 వోల్టుల మిక్సీయా?

"ఏది బెస్ట్ అండీ?" అని అడిగేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, ముందు ఒక కాగితం తీసుకుని మీ ఇంట్లో వారంలో ఏమేం రుబ్బుతారో రాయండి, బ్రాండ్ సంగతి తర్వాత. పొద్దున స్మూతీ, శనివారం ఇడ్లీ పిండి, రోజు మార్చి రోజు పల్లీ చట్నీ, నెలకోసారి కారప్పొడి, ఎప్పుడైనా అల్లం వెల్లుల్లి ముద్ద, ఇలా. పక్కనే ఎంత రుబ్బుతారో కూడా రాయండి, ఇద్దరికి సరిపడా చట్నీయా, పది మందికి పిండా అని. ఈ కాగితం చేతిలో ఉంటే సగం తేలిపోయినట్టే. ఎందుకంటే ఇక్కడ హై పవర్ బ్లెండర్ల మీద వచ్చే రివ్యూలన్నీ పాలకూర స్మూతీ, ఐస్ ముక్కలు, బాదం పాలు, వీటి చుట్టూనే తిరుగుతాయి. మనకి కావలసింది వేరు. నాలుగు పచ్చిమిరపకాయలు, గుప్పెడు కొబ్బరి, కాస్త చింతపండు, రెండు చెంచాల నీళ్లు, ఇంతే వేస్తాం, అది నలగాలి. నాలుగు వందల డాలర్లు పోసి కొన్న మెషిన్ ఆ కాస్త పని చెయ్యలేక ఉత్తినే గింగిరాలు తిరుగుతుంటే వచ్చే కోపం అంతా ఇంతా కాదు.

తొందరలో ఉన్నవాళ్లకి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ కాగితం మీద చట్నీలు, పొడులు, మసాలా ముద్దలే ఎక్కువ ఉంటే 110 వోల్టుల మిక్సీ కొనుక్కోండి, హై పవర్ బ్లెండర్ అక్కర్లేదు. స్మూతీలు, సూపులు, దోసె పిండి, పెసరట్టు పిండి ఎక్కువుంటే విటమిక్స్. ఒక్కటే మెషిన్ కొంటాం, అన్నీ దాంట్లోనే కావాలి అంటే కూడా విటమిక్సే, కాకపోతే ఏ జారుతో కొంటారన్నది చాలా ముఖ్యం. బ్లెండ్‌టెక్ మంచి మెషినే, స్మూతీలకీ జ్యూసులకీ దానికి వంక పెట్టలేం, మన ముద్దల దగ్గరే దాంతో పేచీ. నింజా ధర చూస్తే ముద్దొస్తుంది, ఐస్ బాగా కొడుతుంది, మినప్పప్పు దగ్గరికొచ్చేసరికి నాకు నచ్చలేదు. ఎందుకో కింద చెబుతున్నా.

హార్స్ పవర్ అంకెలు చూసి మోసపోవద్దు

పెట్టె మీద 2 హార్స్ పవర్, 3 హార్స్ పవర్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. దాని పక్కన చిన్నగా "పీక్" అని ఉంటుంది, అది చదవండి. అమెరికాలో గోడ ప్లగ్గుకి వచ్చేది 120 వోల్టులు (మిక్సీ మీద 110 అని రాసేదీ ఈ కరెంటుకే), మామూలు ప్లగ్గు మోసేది 15 ఆంపియర్లు, రెండూ గుణిస్తే 1800 వాట్లు. ఒక హార్స్ పవర్ అంటే 746 వాట్లు కాబట్టి ఎంత గొప్ప మెషిన్ అయినా గోడలోంచి నిలకడగా లాగగలిగేది 2.4 హార్స్ పవరే, అందులోనూ కొంత వేడిగా పోతుంది. 3 పైన రాసి ఉందంటే అది స్విచ్ వేసిన క్షణంలో కనిపించే అంకె, పిండి రుబ్బుతున్నప్పటి అంకె కాదు. కాబట్టి 2 హార్స్ పవర్ దానికీ 3 హార్స్ పవర్ దానికీ మధ్య వంద డాలర్ల తేడా ఉంటే ఆ అంకె కోసం ఆ వంద ఇవ్వకండి.

అలాగే మన మిక్సీ మీద 550 వాట్లు అని ఉంటే తక్కువ అనుకోవద్దు. దాని చట్నీ జారు నాలుగు వందల మిల్లీలీటర్లు ఉంటుంది, బ్లేడుకీ జారు గోడకీ మధ్య సందు తక్కువ, వేసిన సరుకు ఎటూ తప్పించుకోలేదు. ఆ పనికి 550 చాలు. రెండు లీటర్ల జారులో గడ్డకట్టిన మామిడి ముక్కలు తిప్పాలంటేనే 1500 వాట్లు కావాలి.

ఇంకో సంగతి. బ్లెండర్ వేసినప్పుడు అదే లైను మీద మైక్రోవేవ్ కూడా నడుస్తుంటే బ్రేకర్ పడిపోతుంది, పాత అపార్ట్‌మెంట్లలో మరీను. మెషిన్ పాడైందని రిటర్న్ చేసే ముందు వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. సన్నపాటి ఎక్స్‌టెన్షన్ తీగ మీద మాత్రం నడపొద్దు.

అసలు కథంతా జారులో ఉంది

విటమిక్స్ కొనేవాళ్లు ఎక్కువమంది చూడని విషయం ఇది. పాత మోడల్ 5200తో వచ్చే జారు పొడుగ్గా ఉంటుంది, 64 ఔన్సులది, అంటే సుమారు 1.9 లీటర్లు. కింద సన్నగా, పైకి వెళ్లేకొద్దీ వెడల్పుగా ఉంటుంది, బ్లేడు సుమారు మూడు అంగుళాలు. కొత్తగా వచ్చిన పొట్టి జారు కూడా 64 ఔన్సులదే, కానీ అడుగు వెడల్పు, బ్లేడు నాలుగు అంగుళాలు. చూడ్డానికి పొట్టిదే చిన్నదిలా ఉంటుంది కాబట్టి చట్నీకి అదే మేలనుకుంటాం. తిరకాసంతా ఇక్కడే ఉంది. అడుగు వెడల్పుగా ఉన్నదాంట్లో కాస్త సరుకు వేస్తే అది పల్చగా పరుచుకుపోతుంది, బ్లేడు ఒక్కసారి తిరిగేసరికి అంతా గోడలకి కొట్టుకుని అక్కడే అతుక్కుంటుంది, ఇక బ్లేడు ఖాళీలో తిరుగుతుంది. దాంట్లో సరిగ్గా నలగాలంటే కనీసం రెండు కప్పుల సరుకు ఉండాలి. సన్నటి అడుగున్న పొడుగు జారులో ఒక కప్పున్నా పని నడుస్తుంది. అందుకే ఇద్దరో ముగ్గురో ఉండే ఇంటికి నేను పొడుగు జారు 5200 గానీ, 48 ఔన్సుల జారుతో వచ్చే ఎక్స్‌ప్లోరియన్ ఈ310 గానీ చెబుతాను. ప్రతి వీకెండూ ఇంటినిండా జనం ఉండే వాళ్లకి, వారానికి సరిపడా పిండి ఒకేసారి వేసుకునే వాళ్లకి వెడల్పు జారు బాగుంటుంది.

విటమిక్స్ చిన్న గిన్నెలు కూడా విడిగా అమ్ముతుంది, ఎసెంట్ మోడళ్లకి 8 ఔన్సుల గిన్నె, 20 ఔన్సుల కప్పు దొరుకుతాయి. ఆ 8 ఔన్సుల గిన్నె అంటే పావు లీటరు లోపే, మన చట్నీ జారుకి అదే దగ్గరి చుట్టం. ధర ఎక్కువే. బ్లెండర్ ధరకి గిన్నెల ధర కలుపుకుని చూస్తే ఒక్కోసారి మామూలు బ్లెండర్ ప్లస్ ఒక 110 వోల్టుల మిక్సీయే చవకవుతుంది, లెక్క వేసుకోండి. ఎసెంట్ జారులు పాత మోడళ్ల మీద కూర్చోవు, ఇదీ గుర్తుంచుకోండి, సెకండ్ హ్యాండ్ జారు చవకగా వస్తోందని కొనేసి తల పట్టుకునేవాళ్లు ఉన్నారు.

సరుకు గోడలకి అంటుకుని బ్లేడు ఖాళీలో తిరిగే ఈ జబ్బుకి ఒక్కో కంపెనీ ఒక్కో మందు ఇచ్చింది. విటమిక్స్ టాంపర్ అని ఒక కర్ర ఇస్తుంది, మూతకి మధ్యలో ఉన్న బొక్కలోంచి దూర్చి మెషిన్ తిరుగుతుండగానే కిందికి పొడవొచ్చు. మూత పెట్టి ఉన్నంతవరకు అది బ్లేడుకి తగలదు, దాని పొడుగు అలా చేశారు. మూత తీసేసి మాత్రం వాడకండి. నా దృష్టిలో మన వంటకి విటమిక్స్‌ని గెలిపించేది మోటారు కాదు, ఈ కర్రే. అల్లం వెల్లుల్లి, నానిన మినప్పప్పు, గోంగూర ముద్ద, వీటన్నిట్లో చేతికి పని చెప్పేది ఇదే.

బ్లెండ్‌టెక్ వాళ్ల దారి వేరు. యూటాలోని కంపెనీ అది, 2006లో గోలీలతో మొదలుపెట్టి తర్వాత ఐఫోన్ల దాకా బ్లెండర్‌లో వేసి పొడి చేసే వీడియోలతో పేరు తెచ్చుకుంది. వాళ్ల బ్లేడు మొద్దుగా ఉంటుంది, కోసేదానికంటే బలంగా కొట్టి నలిపేదన్నమాట, అందుకే కడిగేటప్పుడు వేలు తెగుతుందన్న భయం తక్కువ. జారు చతురస్రంగా ఉంటుంది, దాంతో ద్రవం మూలలకి తగిలి మళ్లీ బ్లేడు మీద పడుతుంది, నీళ్లున్న సరుకైతే కర్ర అవసరం లేకుండానే చక్కగా తిరుగుతుంది. బటన్ నొక్కి పక్కకి వెళ్లిపోవచ్చు, పొద్దున్నే పిల్లల్ని స్కూలుకి పంపే హడావిడిలో అది చిన్న సుఖం కాదు. కానీ గట్టి ముద్దల దగ్గర నీళ్లు పొయ్యకుండా కదలదు. దానికోసం ట్విస్టర్ అని చిన్న జారు విడిగా అమ్ముతారు, మూతని చేత్తో తిప్పుతుంటే లోపల పళ్లు గోడల్ని గీకుతాయి. చట్నీలకీ పల్లీ బటర్‌కీ అది పనికొస్తుంది. బ్లెండ్‌టెక్ తీసుకునే తెలుగువాళ్లు ఆ జారుతో కలిపే ధర చూసుకోవాలి, లేకపోతే కొన్నాక ఎలాగూ కొనాల్సి వస్తుంది.

నింజాలో నిలువు కమ్మీకి అంతస్తులుగా బ్లేడులుంటాయి. ఐస్, గడ్డకట్టిన పళ్లు క్షణంలో తరిగేస్తుంది. తరగడం వేరు, రుబ్బడం వేరు. మినప్పప్పు దాంట్లో వేస్తే బరకగా ఉండిపోతుంది, టమాటా పచ్చడికి పర్వాలేదు, ఇడ్లీకి బాగోదు. ఇంకో జాగ్రత్త, ఆ బ్లేడు కమ్మీ విడిగా ఊడి వస్తుంది, చాలా పదును, జారు వంచి పొయ్యబోయే ముందు దాన్ని తీసి పక్కన పెట్టడం అలవాటు చేసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే సింకులో వదిలెయ్యకండి.

ఇడ్లీ పిండి, గారెల పిండి

మనం చాలామందిమి మినప్పప్పు రుబ్బి ఇడ్లీ రవ్వ కలుపుతాం కాబట్టి బియ్యం రుబ్బే బాధ లేదు, ఇది బ్లెండర్ ఉన్నవాళ్లకి కలిసొచ్చే సంగతి. ఇక్కడ శత్రువు వేడి. విటమిక్స్‌లో చల్లటి కూరగాయలు, నీళ్లు పోసి ఫుల్ స్పీడులో ఆరు నిమిషాలు తిప్పితే పొగలొచ్చే సూపు అవుతుంది, స్టవ్ అక్కర్లేదు, బ్లేడు రాపిడికే అంత వేడి పుడుతుంది. అదే వేడి మినప్పిండికి తగిలితే పిండి పొంగదు, ఇడ్లీలు గట్టిపడతాయి. అందుకని పప్పు నాలుగైదు గంటలు నానాక నీళ్లు వంపేసి ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి, రుబ్బడానికి ఐసు నీళ్లే వాడండి. కప్పు పప్పుకి ముప్పావు కప్పు నీళ్లతో మొదలుపెట్టి, తర్వాత చెంచాలతో పోసుకుంటూ పోండి. మొదట తక్కువ స్పీడులో కదిలించి వెంటనే పైకి తీసుకెళ్లండి, నలభై యాభై సెకన్లు తిప్పి ఆపి, జారు పక్కన చెయ్యి పెట్టి చూడండి. గోరువెచ్చగా అనిపిస్తే కాసేపు ఆగండి. పిండి వెన్నలా అయ్యాక చుక్క తీసి నీళ్లలో వేస్తే తేలాలి.

ఇక్కడే ఇంకో మాట. మోటారు మీద జాలిపడి గట్టి సరుకుని తక్కువ స్పీడులో మెల్లగా తిప్పుతుంటాం, మిక్సీ కాలిపోతుందన్న చిన్నప్పటి భయం. హై పవర్ బ్లెండర్లలో అది తల్లకిందులు. మోటారుని చల్లబరిచే ఫ్యాను మోటారుతోపాటే తిరుగుతుంది కాబట్టి స్పీడు తగ్గితే గాలీ తగ్గుతుంది, గట్టి సరుకు వల్ల బరువేమో తగ్గదు, దాంతో ఇంకా తొందరగా వేడెక్కుతుంది. ఫుల్ స్పీడులో కొద్దిసేపు తిప్పడమే దానికి సుఖం. మరీ వేడెక్కితే దానంతటదే ఆగిపోతుంది, ముప్పావుగంట వదిలేస్తే మళ్లీ నడుస్తుంది, కంగారుపడి సర్వీసుకి ఫోన్ చెయ్యక్కర్లేదు.

దోసె పిండి, పెసరట్టు పిండి మాత్రం ఈ బ్లెండర్లకి పుట్టింటి పని. జారుడుగా ఉంటాయి, తిప్పగానే నిమిషంలో అయిపోతాయి. పెసరట్టు పిండిలో అల్లం పీచు కూడా కనపడదు.

గారెలు వేరే సంగతి. నీళ్లు దాదాపు లేకుండా, గాలి పట్టి, చేత్తో తీస్తే నిలబడేలా కావాలి. టాంపర్ పట్టుకుని తంటాలు పడితే విటమిక్స్‌లో అవుతుంది, కాకపోతే కొద్దికొద్దిగా వెయ్యాలి, అడుగున ఇరుక్కున్న పిండి తియ్యడానికి గరిటెతో కుస్తీ పట్టాలి. సంక్రాంతికీ దసరాకీ యాభై గారెలు వేసే ఇల్లయితే 110 వోల్టుల వెట్ గ్రైండర్ కొనుక్కోండి, అల్ట్రా లాంటి రాళ్ల గ్రైండర్లు ఇక్కడి ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి. ఏ బ్లెండరూ ఆ రాళ్లకి సాటి రాదు. అలాగని రోజూ చట్నీకి గ్రైండర్ తియ్యలేం కదా, పిండి కోసం మాత్రమే అంత చోటూ అంత డబ్బూ పెట్టాలా అన్నది మీ ఇష్టం.

పొడులు కొట్టాలంటే

మామూలు జారు బ్లేడు సరుకుని కిందికి లాగుతుంది, తడి పనికి అదే కావాలి. పొడి సరుకుకి అలా లాగితే అడుగున గట్టిగా దట్టించుకుపోయి కదలదు. విటమిక్స్ డ్రై జారులో బ్లేడు వంపు వేరు, సరుకుని పైకి ఎగరేస్తుంది. 5200 లాంటి మోడళ్లకి అది 32 ఔన్సులది. పొడులు ఎక్కువ కొట్టేవాళ్లకి ఆ జారు ఉండాల్సిందే, జొన్నలూ రాగులూ పిండి చేసుకునేవాళ్లకి ఇంకా బాగా అక్కరకొస్తుంది. అయితే మిరియాలు, ధనియాలు, ఎండుమిరపకాయలు తరచూ కొడితే ప్లాస్టిక్ జారు లోపల మసకబారుతుంది. అది పాడైపోవడం కాదు, గీతలు పడటం. పసుపు మరక, ఇంగువ వాసన కూడా పట్టాయంటే ఓ పట్టాన వదలవు, ఆ జారులో మర్నాడు అరటిపండు స్మూతీ చేస్తే ఇంట్లో ఎవరో ఒకరు ముఖం చిట్లిస్తారు. కారం జారు వేరు, స్మూతీ జారు వేరు అని పెట్టుకోగలిగితేనే ప్లాస్టిక్ జారులో మసాలాలు కొట్టండి. ఈ ఒక్క విషయంలో మన మిక్సీ స్టీలు జారుకి తిరుగులేదు.

వేయించిన సరుకు ఏదైనా పూర్తిగా చల్లారాకే వెయ్యండి. వేడి మీద కొడితే ఆవిరి మూతకి పట్టి పొడి ముద్దకడుతుంది, పైగా నువ్వులూ పల్లీలూ నూనె వదిలేస్తాయి. హై పవర్ బ్లెండర్‌లో ఇది మరీ తొందరగా జరుగుతుంది, నువ్వుల పొడి చేద్దామని మొదలుపెట్టి పది సెకన్లు ఎక్కువ తిప్పితే ముద్ద చేతికొస్తుంది. పల్స్ మీదే ఆపి ఆపి కొట్టాలి. కందిపొడికి ఆ బాధ లేదు, కానీ మెత్తగా కాటుకలా చేసెయ్యకండి, కాస్త బరకుంటేనే అన్నంలో బాగుంటుంది. గోంగూర, దోసకాయ పచ్చళ్లు కూడా అంతే, వీటికి పెద్ద మెషిన్ వాడితే కచ్చాపచ్చాగా ఆపడమే కష్టం, కళ్లు మూసి తెరిచేలోగా గుజ్జయిపోతుంది.

110 వోల్టుల మిక్సీ, ఇండియా నుంచి తెచ్చే మిక్సీ

అమెరికాకి తయారయ్యే మిక్సీల్లో ప్రీతి ఎక్కువమంది ఇళ్లలో కనపడుతుంది, 110 వోల్టులకి ప్రత్యేకంగా చేసినది, మూడు స్టీలు జారులతో వస్తుంది. చట్నీ జారు, మధ్య జారు, పెద్ద జారు. మన పనికి అచ్చంగా కుదిరిన వస్తువు. కాస్త చరిత్ర చెప్పాలంటే అసలు మిక్సీ పుట్టిందే ఈ గొడవలోంచి. 1960ల్లో బొంబాయిలో సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో విదేశీ బ్లెండర్ మన రుబ్బుడికి తట్టుకోలేక కాలిపోతే, తట్టుకునే మోటారుతో సుమీత్ అనే మిక్సీ తయారుచేశారు. మనం ఇప్పుడు ఏ బ్లెండర్ కొనాలా అని కొట్టుకుంటున్న ప్రశ్న ఆయన ఇంట్లో అప్పుడే మొదలైంది.

మిక్సీకి లోపాలు లేకపోలేదు. ఆపకుండా ఎక్కువసేపు తిప్పేది కాదు, అడుగున ఉన్న ప్లేటు మీద ఎన్ని నిమిషాలు తిప్పి ఎన్ని నిమిషాలు ఆపాలో రాసి ఉంటుంది, చదవండి. వేడెక్కి ఆగిపోతే కింద ఎర్ర బటన్ ఉంటుంది, కాసేపాగి నొక్కాలి. గడ్డకట్టిన స్ట్రాబెర్రీలు, పీచున్న కేల్ ఆకులు వేసి మెత్తటి స్మూతీ రావాలంటే రాదు, నోటికి ముక్కలు తగులుతూనే ఉంటాయి. వాషర్లు, జారుని మోటారుకి కలిపే కప్లర్ అరుగుతాయి. అవి చవకే, కానీ ఇక్కడ దొరకాలి కదా, కొనేటప్పుడే ఒక జత వాషర్లు అదనంగా అడగండి.

మరి ఇండియాలో సగం ధరకే 750 వాట్లది వస్తుంది, అమ్మావాళ్లు వచ్చేటప్పుడు సూట్‌కేసులో పెట్టుకొస్తారు, దాన్ని వాడుకోవచ్చా? ప్లగ్గు అడాప్టర్ పెడితే సాకెట్‌లో దూరుతుంది, అంతే. 230 వోల్టుల మోటారుకి 120 ఇస్తే తిరుగుతుంది గానీ సత్తువ ఉండదు, కాస్త గట్టి సరుకు తగలగానే బ్లేడు ఆగిపోయి మోటారు మూలుగుతుంది. వోల్టేజి పెంచే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, 750 వాట్ల మిక్సీకి 1500 లేదా 2000 వాట్లది తీసుకోవాలి, అది కౌంటర్ మీద ఇటుకలా కూర్చుంటుంది, బరువు, పైగా దాని ఖర్చు కలిపితే ఇక్కడి మిక్సీ ధరకి దగ్గర పడతాం. కొత్తగా పెట్టేవాళ్లు ఆ దారి పట్టొద్దు.

దీనికి రివర్స్ కూడా చెప్పాలి. ఇక్కడ సేల్‌లో దొరికిందని విటమిక్స్ కొని విజయవాడలో అమ్మకి పంపే ఆలోచన ఉంటే మానుకోండి. 120 వోల్టుల మెషిన్‌ని 230 ప్లగ్గులో పెడితే మోటారు అక్కడికక్కడే మాడిపోతుంది.

చోటు, చప్పుడు, ధర

కొనే ముందు టేపు తీసుకుని కౌంటర్ నుంచి పై క్యాబినెట్ అడుగు దాకా కొలవండి. ఇక్కడి ఇళ్లలో మామూలుగా 18 అంగుళాలుంటుంది. విటమిక్స్ 5200 జారుతో సహా 20 అంగుళాల పైన, అంటే జారు తీసి పక్కన పెట్టుకోవాల్సిందే. ఎసెంట్ 17 అంగుళాలు, దూరుతుంది. బ్లెండ్‌టెక్ ఇంకా పొట్టి. రోజూ క్యాబినెట్‌లోంచి తీసి పెట్టాల్సిన మెషిన్ నెల తిరిగేసరికి లోపలే ఉండిపోతుంది, ఇది అందరి ఇళ్లలో జరిగేదే. చప్పుడు విషయంలో ఏదీ తక్కువ తినలేదు, చెక్క గోడల అపార్ట్‌మెంట్ అయితే రాత్రి పదింటికి పిండి రుబ్బొద్దు, అంతే.

కడగడం సులువు: గోరువెచ్చని నీళ్లు సగం దాకా పోసి, ఒక చుక్క సబ్బు వేసి అర నిమిషం ఫుల్ స్పీడులో తిప్పి పారబొయ్యండి. ముద్ద ఎండకముందే చెయ్యాలి, మినప్పిండి ఎండిందంటే గోకలేక చావాలి.

ధరలు సేల్‌ని బట్టి మారుతుంటాయి, కాబట్టి ఉజ్జాయింపు మాటే చెబుతాను. నింజా వంద డాలర్ల చుట్టూ, 110 వోల్టుల మిక్సీ దానికి కాస్త పైన, విటమిక్స్, బ్లెండ్‌టెక్ మూడు వందల యాభై నుంచి ఏడు వందల దాకా. విటమిక్స్ కంపెనీయే బాగుచేసి అమ్మే రీకండిషన్డ్ మెషిన్లున్నాయి, వారంటీ కొత్తదానికంటే తక్కువ, అయినా నాకు అదే లాభసాటి బేరం అనిపిస్తుంది. వారంటీ చూడండి: కొత్త 5200కి 7 ఏళ్లు, ఈ310కి 5, ఎసెంట్‌కి 10. బ్లెండ్‌టెక్‌లో మోడల్‌ని బట్టి 8, 10. నింజాకి మామూలుగా ఒక్క ఏడాది. విటమిక్స్‌లో జారు కింద కూర్చునే చిన్న సాకెట్ ముక్క ఉంటుంది, గట్టి వస్తువు ఇరుక్కుంటే మోటారు పోకుండా ముందు అది విరిగేలా చేశారు. ఏదో విరిగిన చప్పుడొచ్చి బ్లేడు ఆగిపోయి, మోటారు మాత్రం తిరుగుతుంటే పోయింది అదే, మోటారు కాదు. కొన్ని డాలర్ల పని.

కాస్ట్‌కోలో విటమిక్స్ డెమో పెట్టినప్పుడు వెళ్లి చూడండి. వాళ్లు సూపు, ఐస్‌క్రీము, స్మూతీ చేసి చిన్న కప్పుల్లో ఇస్తారు, అన్నీ బాగుంటాయి, బాగుండకేం. మీరు మాత్రం నిలబడి, జారు నిండా కాకుండా కప్పు సరుకు వేస్తే ఎలా తిరుగుతుందో చూపించమని అడగండి.

ఇంటికి తెచ్చాక పెట్టె పారెయ్యకండి. రిటర్న్ గడువు ఎన్నాళ్లో రసీదు మీద చూసి, మొదటి వారంలోనే మీ కాగితం మీదున్నవన్నీ ఒకసారి వేసి చూడండి, ముఖ్యంగా కష్టమైనవి. ఇద్దరికి సరిపడా కొబ్బరి చట్నీ, రెండు చెంచాల నీళ్లకి మించకుండా. కప్పు మినప్పప్పు ఐసు నీళ్లతో, చుక్క తేలుతుందో లేదో చూస్తూ. పావుకిలో అల్లం, వెల్లుల్లి నీళ్లు లేకుండా చెంచా నూనెతో, తర్వాత వేళ్ల మధ్య నలిపి పీచు తగులుతుందేమో చూసుకోండి. కొత్త మోటారు నుంచి మొదటి నాలుగైదు సార్లు కాస్త కాలిన వాసన రావడం మామూలే, దానికి భయపడొద్దు. వారం దాటినా ఆ వాసన పోకపోయినా, జారు అడుగు నుంచి తడి కారుతున్నా, చట్నీ కోసం ప్రతిసారీ ఆపి గరిటెతో గీకాల్సి వస్తున్నా ఆలోచించకుండా వెనక్కి ఇచ్చెయ్యండి.